ఇనుము కాలేయం చేరేలోగా

గంటసేపు ఆగాలన్నారు. మందు రక్తంలో కలిసి, తిరగవలసిన చోటల్లా తిరిగి, కాలేయంలో కుదురుకోవడానికి ఆ మాత్రం పడుతుందట. సీసాలో ఉన్నప్పుడు చూసింది కౌసల్య, బోరింగు కొట్టగానే మొదట వచ్చే తుప్పు నీళ్ళ రంగులో ఉంది, అరగంటపాటు చుక్కచుక్కగా మొగుడి చేతిలోకి దిగింది. ఇనుమేనమ్మా, అన్నాడు డాక్టరు, కంటికి ఆననంత సన్నటి ఇనుప తుప్పు, కాలేయంలో బాగున్న భాగమంతా దాన్ని తినేస్తుంది, తిన్న చోటల్లా ఫొటోలో నల్లగా పడుతుంది, చెడిన చోటికి తినే శక్తి ఉండదు, అది తెల్లగా మిగిలిపోతుంది. నలుపైతే బతికినట్టు, తెలుపైతే రోగమన్నట్టు. అంజయ్య ఊరుకున్నాడా, "ఇరవై ఏండ్ల సంది గ్రైండింగు కాడ ఇనుమే మింగుతున్న గద సార్, మళ్ళ సూదెందుకు, అట్లనే తియ్యరాదుండ్రి ఫొటో" అన్నాడు. డాక్టరు నవ్వాడు. కంపెనీ తరఫున ఫైలు పట్టుకుని వెంట వచ్చిన పర్సనెల్ ఆఫీసరు వీర్రాజు నవ్వాడు. సూది పెట్టే నర్సు కూడా నవ్వింది. గడప దాటితే అంజయ్య అందరినీ నవ్విస్తాడు. పదకొండేళ్ళుగా వాళ్ళ నవ్వులు అయిపోయేదాకా పక్కన నిలబడి ఉండటం కౌసల్యకు అలవాటే.

ఇప్పుడు బెంచీ మీద ఆమెకు కుడిపక్క, గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుని ఉన్నాడు. తను ఎడమపక్క కూర్చోకూడదు, ఎడమపక్క ఎవరైనా ఉంటే చిరాకు పడతాడు. కానీ ఇవాళ ఆ పక్కనే ఖాళీ ఉంది, తను అక్కడే కూర్చుంది, అతను ఏమీ అనలేదు, కడుపులో తెల్ల మచ్చ ఉందో లేదో తెలియని రోజు మనిషి కొన్ని సంగతులు మరిచిపోతాడు కాబోలు. ఎదురుగా మూసిన తలుపు. దాని మీద వాచీ, తాళంచెవి, కత్తెర బొమ్మలు వేసి ఎర్రగీతతో కొట్టేశారు. లోపల ఎవరో ఉన్నారు, ఆ చప్పుడు ఇస్నాపూర్‌లో వాళ్ళ కిరాయి గదుల వెనక ఉన్న, ఇనుప రేకులు కొట్టే ప్రెస్ షాపు చప్పుడులా ఉంది, టక టక టక, ఆగి, మళ్ళీ మరో రకంగా గర్రుమని. తలుపు పైన గడియారం. పదీ ఇరవై. పదకొండుకు పిలుస్తామన్నారు.

సూది పెట్టకముందు టెక్నీషియను కాగితం పట్టుకొచ్చి వరసగా అడిగాడు. గుండెలో మిషను పెట్టారా, లేదు. ఎముకకు పట్టీ వేశారా, లేదు. ఎప్పుడైనా కంట్లో ఇనుము పడిందా? పటాన్‌చెరు ఫ్యాక్టరీల నుంచి వచ్చేవాళ్ళను ఇది తప్పకుండా అడుగుతామండీ, అన్నాడు. "పడకుంటనా, గ్రైండరు కంట్ల ఇనుము పడక మల్లెపూలు పడ్తయా" అన్నాడు అంజయ్య, "కని ఆ దినమే తీసింది మా ఇంటామె. నాలుకతోని." నాలుకతోనా, అని ఆ టెక్నీషియను మొహం పెట్టాడు, ఆ మొహానికీ నవ్వులు, ఆ తర్వాత కౌసల్య వైపు తిరిగి "మొత్తం వచ్చేసిందా అమ్మా?" అన్నాడు. తల ఊపింది. ఊపానని కూడా తెలియకుండా ఊపింది, వచ్చిందా అన్న మాట చెవిన పడితే ఆ తల దానంతట అదే ఊగుతుంది. అతను కాగితం మీద గీత పెట్టుకుని వెళ్ళిపోయాడు. సంతకం అంజయ్య చేశాడు, ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితం చదివింది మాత్రం తనే. సంగారెడ్డి కాలేజీలో ఇంటర్మీడియట్ బైపీసీ చదివినందుకు ఇలాంటి కాగితాలు చదివే పని ఎప్పుడూ తనదే. ఏడో ప్రశ్న కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంది, కంటిలో ఇనుప ముక్క మిగిలి ఉంటే అయస్కాంతానికి అది కదిలి చూపు పోవచ్చునని.

ఆ ముక్క రాలేదు. ఆ రోజు ఏమీ రాలేదు.

పెళ్ళయి మూడు నెలలు. సిమెంటు రేకుల గది, రేకులు సాయంత్రానికి కూడా సెగలు కక్కుతూనే ఉన్నాయి. అంజయ్య ఎడమకన్ను అరచేత్తో మూసుకుని వచ్చాడు. అద్దాలు పెట్టుకోకుండా పని చేశాడు, కంపెనీ దవాఖానకు పోతే అది రాస్తారు, రాస్తే ఆ ఏడు పర్మనెంటు కాదు. "మీ అవ్వ నలక తీస్తదట గద, నువ్ తియ్యి" అన్నాడు. నిజమే, అవ్వ రాజవ్వ తీసేది. జొన్న కోతలప్పుడు, వరి తూర్పార పట్టినప్పుడు ఆడవాళ్ళూ మగవాళ్ళూ కళ్ళు నలుపుకుంటూ అవ్వ అరుగు దగ్గరికి వచ్చేవాళ్ళు, అవ్వ ఉప్పునీళ్ళు పుక్కిలించి, రెండు బొటనవేళ్ళతో రెప్పలు విప్పి, నాలుక కొసతో ఒక్కసారి తుడిచేది, పొట్టో ఊకో నాలుకకు అంటుకుని వచ్చేది, దాన్ని గోటితో తీసి ఎండలో చూపించేది. పొట్టు కంటి పైన తేలుతుంది. చక్రం మీంచి కాలుతూ ఎగిరిన ఇనుము పైన ఆగదు, లోపలికి దిగుతుంది. ఆ సంగతి అవ్వకు తెలియదు, అవ్వ ఊళ్ళో చక్రాలు లేవు. పద్దెనిమిదేళ్ళ కౌసల్యకూ అప్పటికి తెలియదు. నాలుక పెట్టింది. ఉప్పగా, మిషను నూనె వాసనగా తగిలింది, ఇంకేమీ తగల్లేదు. "వచ్చిందా?" రాలేదంది. అతని చెయ్యి ఆమె జుట్టులోకి వచ్చింది. మళ్ళీ పెట్టింది. "వచ్చిందా?" రాలేదు. చెయ్యి బిగిసింది. మూడోసారికి తలకాయ మీద తోలు లేచిపోతుందేమో అనిపించింది, కేక వేస్తే పక్కగది వాళ్ళకు వినపడుతుంది, కొత్త కోడలు. నాలుగోసారి వంగేటప్పుడు అతని ఖాకీ అంగీ మడతలో ఉన్న నల్లటి దుమ్ములోంచి ఒక్క రవ్వ గోటితో తీసింది, నాలుక మీద పెట్టుకుంది, కంటి మీద వంగింది, లేచి నాలుక బయటపెట్టి చూపించింది. అంజయ్య ఆ రవ్వను వేలికి అంటించుకుని బల్బు కిందికి వెళ్ళి రెండో కంటితో చూశాడు. నవ్వాడు. జుట్టు వదిలిపెట్టాడు. ఆ వదిలిపెట్టిన క్షణాన తనకు కలిగింది సంతోషమే, అది సంతోషమేనన్న సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతుంది, ఆ రాత్రి అతనికి ఇష్టమని కోడిగుడ్డు పులుసు చేసింది.

అంతటితో అయిపోతే బాగుండును. వారం తిరక్కుండా తనలాగే గ్రైండింగు చేసే ఇంకొకణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. ఆ తర్వాత ఇద్దరిని. "ఏయ్ ఇంటరూ, ఇటు రా, సర్వీసుంది" అని వాకిట్లోంచి కేక. ఆమెను పేరు పెట్టి పిలవడు, చదువు పెట్టి పిలుస్తాడు. వాళ్ళు స్టూలు మీద కూర్చుని తల వెనక్కి వాల్చేవాళ్ళు, కొందరు సిగ్గుపడి కళ్ళు మూసుకునేవాళ్ళు, కళ్ళు మూసుకుంటే ఎట్లా తీస్తదిరా అని అంజయ్య వెనక నుంచి హాస్యాలాడేవాడు. ఒకడి కంట్లో కొబ్బరినూనె రుచి. ఒకడి కంట్లో బీడీపొగ. ఎక్కువమంది చెమట. మొగులమ్మ అని మూడో గది ఆమె బకెట్లో నీళ్ళు పట్టుకుంటూ అడిగింది, "ఎట్ల పెడ్తవే తల్లీ నోరు, నాకైతె కక్కొస్తది" అని, అడిగి ఆగకుండా మిగతా ఆడవాళ్ళకూ చెప్పింది. కొన్నిసార్లు నిజంగానే వచ్చేది, పైపైన అంటుకున్నది. రానప్పుడు వెనక నుంచి అంజయ్య గొంతు వినపడేది, "వచ్చిందా?" అదే గొంతు, అదే ఎత్తున. అప్పుడు ఆమె గోరు దానంతట అదే ఎదుటివాడి అంగీ మడతలోకి పోయేది. కూతురు పుట్టింది, పాలు తాగింది, నడిచింది, బడికి పోయింది, ఆ స్టూలు ఆ వాకిట్లోనే ఉంది. కూతురిని ముద్దు పెట్టుకునే ముందు ఉప్పునీళ్ళు పుక్కిలించేది.

పదీ ముప్పయ్ అయిదు. అంజయ్య కదిలి, "నడుము గుంజుతుంది" అన్నాడు. ఈ మందుకు కొందరికి నడుము నొప్పి వస్తుందని ముందే చెప్పారు. "చూస్తవేంది, పిసుకు." పిసికింది. ఎదురుగా వీర్రాజు ఫైలు మీద చెయ్యి వేసుకుని చూస్తున్నాడు, సెల్‌ఫోను బయటే పెట్టి రమ్మన్నారని చేతులకు పని లేకుండా ఉంది పాపం. "అదృష్టవంతులండీ అంజయ్యగారూ, ఈ రోజుల్లో ఇంత ఓర్పున్నవాళ్ళు ఎక్కడున్నారు" అన్నాడు కోస్తా యాసలో. "ఓర్పేం లేదు సార్, ఇంటర్ ఫెయిలైన చేతులు, ఇంకేం పని జేస్తయ్." ఫెయిలవలేదు. ఫస్టు క్లాసు. డిగ్రీలో చేరిన నెలకు పెళ్ళి. వీర్రాజు ఫైలు తెరిచి మూసి, "ఈ ఫొటో ఒక్కటీ బాగా వచ్చిందంటే సూపర్‌వైజరు ఆర్డరు ఇందులోనే ఉందండీ, మేనేజరుగారి సంతకం ఒక్కటే తరువాయి, ఆరోగ్యం గురించి ఒక్క ముక్క ఎక్కడా తేడా ఉండకూడదని ఆయన పట్టుదల" అన్నాడు. అంజయ్య నడుము ఆమె వేళ్ళ కింద నిటారైంది.

తేడా. ఆ మాట దగ్గర ఆగింది కౌసల్య. పక్కనుంచి అతని మొహం చూసింది. ఎడమకంటి నల్లగుడ్డు చుట్టూ తుప్పు రంగు. రెండేళ్ళుగా కొంచెం కొంచెంగా పైకి వచ్చింది, ఇనుప బకెట్టు అడుగున వచ్చినట్టు. బయటివాళ్ళకు కనపడదు, అంత దగ్గరికి వచ్చి ఎవరు చూస్తారు, పెళ్ళాం చూస్తుంది. పొద్దుగూకితే ఎడమవైపు గ్లాసు కనపడక తన్నుతాడు, తన్ని, దాన్ని అక్కడ పెట్టినందుకు ఆమెను తిడతాడు. కంపెనీలో ఏటా జరిగే కంటి పరీక్షకు ముందు వారం రోజులు రాత్రి అన్నం తిన్నాక ఆమె ఎదురుగా కూర్చునేవాడు, బోర్డు మీది అక్షరాలు ఆమె చెప్పేది, అతను అనేవాడు, ఇ, ఎఫ్ పి, టి ఓ జెడ్, ఎల్ పి ఇ డి. బాలశిక్ష చదివే పిల్లాడి మొహం పెట్టి. తప్పు చెబితే ఆమెనే కసిరేవాడు. ఆ వారం రోజులే ఆ ఇంట్లో ఆమె మాట చెల్లేది, ఆ వారం కోసం ఎదురు చూసిన సంవత్సరాలు కూడా ఉన్నాయి, ఎంత చవక మనిషిని నేను, అనుకుంది.

చెప్పకపోతే ఏమవుతుంది. ఆలోచన భయపెడుతుందనుకుంది, భయపెట్టలేదు, వచ్చి పక్కన కూర్చున్న చుట్టంలా ఉంది. సర్ఫేసు గ్రైండరు మిషను మీద అయస్కాంతం బల్ల ఉంటుందని, స్విచ్ వేస్తే ఇద్దరు మగాళ్ళు గుంజినా ఇనుము ఊడి రాదని అతనే ఎన్నోసార్లు చెప్పాడు గొప్పగా. ఆ తలుపు వెనక ఉన్నది దానికి తాత. లోపలికి పోతాడు, పడుకుంటాడు, టక టక టక. పదకొండేళ్ళుగా కదలకుండా ఉన్నది కదులుతుంది. నేను ఏమన్నాను? ఏమీ అనలేదు. మా ఇంటామె తీసిందని తనే కదా అన్నాడు, సంతకం తనదే కదా. తల ఊపడం ఏ కాగితంలో ఉంటుంది. బయటికి వచ్చేటప్పుడు చెయ్యి చాపుతాడు, ఎవరైనా పట్టుకుంటారని, ఎవరు పట్టుకోవాలి, నేనే పట్టుకోవాలి, ఆ చెయ్యి ఇక నా జుట్టు వెతుక్కోలేదు. ఇంత దూరం వచ్చాక కౌసల్య తనే ఉలిక్కిపడింది. ఒక కన్ను పోయినవాడికి రెండోది ఉంటుంది కదా, జుట్టు ఎక్కడుందో దానికి తెలుసు.

ఒక కన్ను పోయినవాడు. అబ్దుల్ వహాబ్.

వహాబ్‌ను అంజయ్య తన సైకిలు మీద ఎక్కించుకుని తెచ్చాడు. గ్రైండింగు షాపులో అందరికంటే నికరంగా చక్రం పట్టేవాడని ఫోర్‌మన్ చెప్పేవాడట, గ్రైండర్లందరి మీద పెద్దగా ఉండే చార్జ్‌హ్యాండ్ పోస్టు అతనికేనని అందరూ అనుకుంటున్న రోజులు. స్టూలు మీద కూర్చోనని నిలబడ్డాడు. "నక్కో భాయ్, పరాయి ఆడమనిషి, మంచిగుండది, దవాఖాన ఇంక మూయలేదు, పోతా." అంజయ్య భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు, "నీ చెల్లెలసుంటిదిరా బై, రెండు నిమిషాల పని." వహాబ్ ఆమెతో "మాఫ్ కరో భాభీ" అని పదే పదే అన్నాడు, అన్నిసార్లు ఎవరూ ఆమెను క్షమించమని అడగలేదు. కన్ను విప్పింది. తెల్లగుడ్డులో చిన్న ఎర్ర చుక్క, లోపలికి పోయిన దారి. నాలుకకు ఏమీ తగల్లేదు. వెనక నుంచి, "వచ్చిందా?" ఆమె చూపించింది. ఎనిమిది నెలలకు ఆ కన్ను తుప్పు రంగు తిరిగింది, పట్నంలో పెద్ద కంటి దవాఖానలో లోపల ఇనుముందని, ఆలస్యమైందని చెప్పారు, కన్ను పోయింది, పని పోయింది. ఇప్పుడు పటాన్‌చెరు బస్టాండు ముందు పంక్చర్లు వేస్తాడు. అతని భార్య ఖమరున్నీసా ఇప్పటికీ ప్రతి రంజానుకూ షీర్ ఖుర్మా పంపుతుంది, మీరు మీ చేతనైంది చేశారు భాభీ, అల్లా రాత, అంటుంది. ఆ గిన్నె కడిగి తిరిగి పంపేటప్పుడు అందులో చక్కెర పోసి పంపుతుంది కౌసల్య, ఉత్త గిన్నె పంపకూడదు కాబట్టి. ఇంకేమీ పంపలేదు.

పదీ నలభై ఎనిమిది. లోపలి చప్పుడు ఆగింది. వీర్రాజు లేచి, నీళ్ళు తాగి వస్తానని కుళాయి వైపు నడిచాడు. కౌసల్య మొగుడి నడుము మీంచి చెయ్యి తీసింది. దయ కలిగిందని కాదు, దయ ఎక్కడుందో వెతికి చూసింది, దొరకలేదు. వహాబ్‌ది కన్ను పోతుందని తెలియక చేశాను, ఇది తెలిసి చేస్తున్నాను, ఆ తేడా ఒక్కటీ ఆమెను కూర్చోనివ్వలేదు. అంజయ్య వైపు వంగింది.

"జెర ఇటు ఇను. ఆ దినం నీ కంట్లకెల్లి ఏం రాలే."

అంజయ్య కళ్ళు తెరవలేదు.

"నాకెర్కే" అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు.

"నువ్ చూపెట్టింది చక్రం దుమ్ము. ఉండలెక్క ఉంటది. నా కంట్ల పడ్డది పెచ్చు. తొమ్మిదేండ్లు చక్రం పట్టినోనికి గంత తెల్వదా? పర్మనెంటయ్యేదాంక నాకు గదే కావాల్సుండె, వచ్చిందనే మాట."

"మరి అందర్ని ఎందుకు తోల్కొచ్చినవ్?"

"పేరు నిలబడొద్దా. నీ నాలుక తీస్తదని పది మంది అంటెనే నా కన్ను మంచిగున్నట్టు." కళ్ళు తెరిచాడు, కుడిది ఆమె మీదికి తిప్పాడు, పెదవి చివర నవ్వు కనపడింది, గడప బయట నవ్వించే నవ్వు కాదు, ఇంటి నవ్వు. "వహాబ్ గాడొక్కడు వేరు. వాడు దవాఖానకు వోతనే ఉండె, నేనే మలిపిన. చార్జ్‌హ్యాండ్ నాకు ఎవలిచ్చిండ్రనుకున్నవ్? నీ నాలుకనే ఇచ్చింది, పో."

చుట్టూ అంతా మామూలుగానే ఉంది. నర్సు ఎవరినో పేరు పెట్టి పిలిచింది. ఆ పేరు గల ముసలామె లేచింది. ఎనిమిదేళ్ళు తను మోసిన పాపం, రంజానుకు రంజాను తూకం వేసుకున్న పాపం, అది తన పొరపాటు కూడా కాదు, అతని పనిముట్టు. ఏదో అనాలి. అనవలసినదానికి బదులు, "లోపట అయస్కాంతం ఉంది. కదుల్తదట. కన్ను పోతదట, కాయితంల రాసిండ్రు" అంది.

"పదకొండేండ్లకు ఇంక ఇనుముంటదా, ఎన్నడో తుప్పు వట్టి కరిగింది. కన్నుందని కూసుంటె ఆర్డరొస్తదా?" వీర్రాజు తిరిగి వస్తున్నాడు, గొంతు తగ్గించాడు, "సార్ ముందట నోరు తెరిచినవో, ఇంటికి పోయినంక చూడు."

పదకొండుకు తలుపు తెరుచుకుంది. టెక్నీషియను అదే కాగితం పట్టుకుని, "అంజయ్యగారూ, లోపలికి వెళ్ళే ముందు ఇంకోసారి అడగాలండీ, రూలు" అన్నాడు. గుండె మిషను. ఎముక పట్టీ. కంట్లో ఇనుము.

"ఆమెనే అడుగుండ్రి" అన్నాడు అంజయ్య లేస్తూ, బొటనవేలు వెనక్కి చూపించి, వాకిట్లో స్టూలు మీద కూర్చున్న మగవాళ్ళకు చెప్పినట్టే. "తీసింది ఆమె గద. వచ్చిందా?"

ఈసారి తల ఊగలేదు. కౌసల్య లేచి నిలబడింది. ఈ గంటసేపూ తన చేతిలో ఉన్న దెబ్బల్లో పెద్దది ఊరుకోవడమే అనుకుంది. కాదు. ఊరుకుంటే పోయేది ఒక కన్ను, చూపు ఎలాగూ సగం చచ్చిన కన్ను, చెబితే ఆ ఆర్డరూ పేరూ రెండూ పోతాయి. కూతురు గుర్తొచ్చింది, కిరాయి గది గుర్తొచ్చింది, అవి కూడా ఇందులో పడి పోతాయని తెలుసు, తెలిసే నోరు తెరిచింది. టెక్నీషియనుకు కాదు, వీర్రాజుకు వినపడేంత పెద్దగా చెప్పింది.

"రాలే సార్. ఉంది. ఎడమ కంట్ల, పదకొండేండ్ల సంది. ఆ కంటితోని ఆయనకు సగం గూడ కానరాదు. మీ కంపెనీల కంటి పరీక్షకు అక్షరాలు ఏటా నేనే నేర్పిస్త, ఆయన బోర్డు సూడడు, యాది మీద చెప్తడు."

అంజయ్య నవ్వాడు. "ఇంటర్ చదువు సార్, పుస్తకాలెక్కువై" అన్నాడు, అని చుట్టూ చూశాడు. ఎవరూ నవ్వలేదు. టెక్నీషియను తలుపు మీంచి చెయ్యి తీశాడు, కాగితం మీద పొద్దున పెట్టిన గీతను కొట్టేశాడు, కంటికి ఎక్స్‌రే తియ్యందే లోపలికి పంపేది లేదన్నాడు, ముక్క కనపడితే ఈ స్కాను ఇక ఎప్పటికీ లేదన్నాడు. నల్లబడవలసిన చోట్లు అంజయ్య లోపల ఈపాటికి నల్లబడి ఉంటాయి, తెల్లగా మిగలవలసింది ఉంటే మిగిలే ఉంటుంది, చూసేవాళ్ళు లేకుండా.

"ఏమే!" అన్నాడు అంజయ్య. చెయ్యి లేచింది, ముంజేతికి సూది పట్టీ ఉండటం వల్లో, పది మంది ఉండటం వల్లో సగంలో ఆగింది.

వీర్రాజు ఫైలు తెరిచాడు. ఇందాకటి మర్యాద మొహంలో లేదు, పని ఉంది. "అమ్మా, మొదటినుంచి చెప్పండి. రాసుకోవాలి."

మొదటినుంచి చెప్పింది. రాసేవాడి చెయ్యి వెనకబడకుండా నిదానంగా, సంవత్సరాలతో సహా, ఒక్క పేరూ వదలకుండా చెప్పింది. అబ్దుల్ వహాబ్ దగ్గరికి వచ్చాక వీర్రాజు తల ఎత్తి, "ముక్క బయటికి వచ్చిందని అతనికి చూపించి నమ్మించింది ఎవరండీ?" అని అడిగాడు.

"నేను," అంది, "కౌసల్య." కలం ఆగడం చూసి, రాసుకోండి అన్నట్టు ఫైలు వైపు చెయ్యి చూపించింది.